పన్నెండో ఎక్కం

నా చార్జర్ ఏదని సంపత్ అడగడం పొద్దున్నుంచి అది మూడోసారి. మంచం కింద, టీవీ వెనక, ఫ్రిజ్ మీద అన్నిచోట్లా వెతికాడు. చివరికి అది వంటింట్లో, చింతపండు డబ్బా మీద చుట్టచుట్టి కనిపించింది.

"అమ్మా, ఇది చార్జర్ పెట్టే జాగనా?"

"మిక్సీకి ప్లగ్గు కావాలె గద కొడుకా. ఒక్కటే ప్లగ్గు పెట్టిచ్చి ఇల్లు కట్టినవ్." సైదమ్మ చట్నీ గిన్నెలోకి వంచుతూ తల తిప్పకుండా అంది.

"ఇల్లు నేను కట్టలే. కిరాయిది."

"కిరాయిదైతే పోయి ఓనర్‌తోని కొట్లాడు. నాతోని ఎందుకు?"

"తడి చెయ్యితోని పట్టుకుంటే షాక్ కొడ్తది. అది చెప్తున్న."

"నలభై ఏండ్లు పొయ్యి కాడ నిప్పుతోని ఉన్న. నన్ను ఈ వైరు కొడ్తదా?"

అఖిల గదిలోంచి గడప దాకా వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. "ఇద్దరూ ఆపుండ్రి. పదకొండుకు కాల్ ఉన్నది. నా ఫోన్‌ల పదిహేనే ఉన్నది చార్జింగ్."

ఆ మాటతో తగువు తెగింది. సంపత్ చార్జర్‌ను అఖిల ఫోన్‌కు పెట్టాడు. మామూలుగా బుధవారాల్లో అతను ఆరున్నరకే దామరచర్ల ప్లాంటు బస్సెక్కేస్తాడు. ఈ వారం షిఫ్ట్ మారి మధ్యాహ్నానిది వచ్చింది. అతను ఇంట్లో ఉంటాడని తెలిసినప్పటినుంచి అత్తా కోడళ్ళిద్దరికీ మనసు మనసులో లేదు.

ప్రతి బుధవారం హైదరాబాద్ ఆసుపత్రి నుంచి ఆండాళు అనే నర్సు వీడియో కాల్ చేస్తుంది. పదహారు నెలల కిందట అఖిలకు రక్తక్యాన్సర్ వస్తే అక్కడే మూలకణాల మార్పిడి చేశారు. కణాలు ఇచ్చింది ఆమె తమ్ముడు మధు. కోదాడలో ట్రాక్టర్ మెకానిక్. క్యాన్సర్ పోయింది. పోయాక ఒకటొకటే వేరేవి వచ్చాయి. కళ్ళు ఎండిపోయి గంటకోసారి చుక్కలు వేసుకోవాలి. నోట్లో పుండ్లు. ముంజేతుల చర్మం బిగుసుకుపోయి జడ వేసుకోవడానికి చేతులు పైకి లేవవు. వారంవారం మిర్యాలగూడ నుంచి హైదరాబాద్‌కు తిరగడం ఆ ఒంటితో కాని పని. అందుకని ఆసుపత్రివాళ్ళు ఈ ఏర్పాటు చేశారు. టార్చి వేసి నోరు చూపించాలి, చేతులెత్తి చూపించాలి. కాల్‌కు ముందు, అరచేతిలో పట్టే ఒక చిన్న మిషన్‌లోకి బలంగా ఊదాలి. ఊపిరితిత్తుల బలం ఎంతుందో ఆ మిషన్ అంకెలో చెప్తుంది. అంకె ఫోన్లోకి వచ్చి, దానంతటదే హైదరాబాద్‌కు వెళ్ళిపోతుంది.

ఏడు వారాలుగా ఆ మిషన్ ఊదుతున్నది సైదమ్మ.

ఇది మోసం చేయాలని మొదలైంది కాదు. ఎప్పుడూ రెండుం పావు దాటే అంకె ఆ రోజు ఒకటి తొమ్మిది దగ్గర ఆగింది. ఇంకోసారి ఊదితే ఒకటి ఎనిమిది. అఖిల మిషన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

"ఎంత రావాలె బిడ్డా?" సైదమ్మ అడిగింది.

"రెండు దాటాలె అత్తమ్మా."

"మిషనే ఖరాబయిందేమో. తే, నేనూది సూస్త."

నలభై ఏళ్ళు ఊదుగొట్టంతో పొయ్యి ఊదిన మనిషి. నాట్ల రోజుల్లో పొలం గట్టు మీద నిలబడి పిలిస్తే మూడు మడుల అవతల కూలీలు పలికేవారు. ఆమె ఊదితే రెండు ఒకటి వచ్చింది. మిషన్ బాగానే ఉందని ఇద్దరూ అనుకునేలోపే ఫోన్ టింగుమంది. అంకె వెళ్ళిపోయింది.

"అదెట్ల వాపస్ తెచ్చుడు?"

"రాదత్తమ్మా."

నర్సుకు చెప్పేయొచ్చు. చెప్పేదే. కానీ ఆ సాయంత్రం మధు ఫోన్ చేశాడు. "అక్కా, నంబర్ ఎంత?" అని అడిగాడు. రెండు ఒకటి అంది అఖిల. మర్నాడు పొద్దున మధు రెండు ఇడ్లీలు తిన్నాడని అతని భార్య కృపారాణి ఫోన్లో దాదాపు ఏడుస్తూ చెప్పింది.

ఆ రెండు ఇడ్లీల వెనక ఐదు నెలల కథ ఉంది. కార్తీక మాసంలో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు కొత్తగా చేరిన డాక్టరు ఒకాయన వివరించి చెప్పాడు. దాత కణాలు అఖిల శరీరాన్ని పరాయిదనుకుంటున్నాయి, ఈ బాధలన్నీ ఆ దాడివల్లే అన్నాడు. మధు పక్క కుర్చీలోనే ఉన్నాడు. తిరుగుబస్సులో నార్కట్‌పల్లి దాటేదాకా నోరు విప్పలేదు. తర్వాత ఒకటే మాట అన్నాడు. "నేను తాగేటోన్ని గదక్కా."

ఆ రోజునుంచి తాగుడు మానేశాడు. అది మంచిదే అని అందరూ సంతోషించారు. తర్వాత మాంసం మానేశాడు. అక్క కళ్ళు మరీ ఎండాయని తెలిసి చాయ్ మానేశాడు. నోట్లో పుండ్లని తెలిసి పొద్దుటి తిండి మానేశాడు. చర్చిలో ఉపవాస ప్రార్థనకు కూర్చుంటే పాస్టరు గారే ఇక చాలు తమ్ముడూ అన్నారు. వినలేదు. తన ఒంట్లో ఏదో చెడు ఉండి, అదే అక్కకు ఎక్కిందని అతని నమ్మకం. అఖిల నోటినుంచి ఒక నిజం బయటికొస్తే తమ్ముడి కంచంలోంచి ఒకటి తగ్గిపోతోంది. ఊపిరి సంగతి తెలిస్తే ఉన్న ఆ ఒక్క పూట కూడు కూడా పోతుంది.

అందుకని ఏడు వారాలు. ఈ ఏడు వారాల్లో అఖిల బట్టలు ఆరేయడం మానేసింది. స్నానం చేసి వచ్చాక మంచం మీద పది నిమిషాలు కూర్చుంటే గానీ చీర కట్టుకోలేకపోతోంది. సైదమ్మ చూస్తూనే ఉంది. ప్రతి మంగళవారం "రేపు నువ్వే ఊదు బిడ్డా" అంటుంది. "ఈ ఒక్క వారం అత్తమ్మా" అంటుంది అఖిల.

పది గంటలకు గేటు చప్పుడైంది. మధు, కృపారాణి. చెప్పకుండా వచ్చారు.

మధు చెప్పులు విడుస్తూ గోడ పట్టుకున్నాడు. బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త బెజ్జాలు మూడున్నాయి. కోస మిగిలి పక్కకు వేలాడుతోంది.

"బావా, డ్యూటీ లేదా?"

"సెకండ్ షిఫ్ట్. ఏందిరా గిట్లయినవ్? ట్రాక్టర్ కింద పడ్డట్టున్నవ్."

"ట్రాక్టర్ పడలేదన్నయ్యా, ఈయనే పడ్డాడు." కృపారాణి సంచి కింద పెట్టింది. ఆమె పుట్టిందీ పెరిగిందీ కోదాడలోనే. మాట సాఫీగా ఉంటుంది, పదును తగ్గదు. "శనివారం షెడ్డులో జాకీ తిప్పుతూ తిప్పుతూ పడిపోయాడు. సోడా తాగించి లేపారు. ఇంటికొచ్చి నాకు చెప్పలేదు. షెడ్డువాళ్ళు చెప్తే తెలిసింది."

"ఎండకు తల తిరిగింది, గంతే," అన్నాడు మధు.

"ఎండ అందరికీ ఉంది. పడింది మీరొక్కరే."

అఖిల మంచినీళ్ళు తెచ్చింది. నాలుగడుగులే. గ్లాసు అందించి వెంటనే కూర్చుంది.

"వదినా, నేనొక పని మీద వచ్చాను," అంది కృపారాణి. "ఈ మనిషి నా మాట వినడు. పాస్టరు గారి మాట వినడు. మీ నంబరు విన్న రోజు ఇంత తింటాడు, మర్నాడు మళ్ళీ పస్తే. అక్కకు బాగైతుందని ఆ నర్సమ్మ నోటితో వింటే తింటానన్నాడు. బైబిల్ మీద చెయ్యేసి చెప్పాడు. మీ నంబరు ఏడు వారాలుగా బాగుంది గదా. ఇవాళ ఆమె చెప్తే వింటాడు, ఇక్కడే అన్నం తింటాడు. అంతే నాకు కావాల్సింది."

"మంచిమాట," అన్నాడు సంపత్. "నేనూ సూసినట్టైతది. ఒక్కసారన్న కాల్‌ల లేను నేను."

అఖిల సైదమ్మ వైపు చూడలేదు. చూస్తే తన ముఖంలో ఏముందో అందరికీ తెలిసిపోతుంది.

పావు తక్కువ పదకొండుకు మిషన్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. వెనకే సైదమ్మ వచ్చి తలుపు ఓరగా వేసింది.

"నేనూదను," అంది గొంతు తగ్గించి.

"అత్తమ్మా, వాణ్ణి సూసినవ్ కదా."

"సూసిన. నిన్ను కూడ సూస్తున్న. నిన్న చెంబెడు నీళ్ళు ఎత్తలేకపోయినవ్."

"ఇయ్యాల వాడు అన్నం తింటడు. తినుడు మొదలువెడితే ఇగ ఆగడు. వచ్చే వారం... నేనే... ఊదుత. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టెందుకు? పోయేది నీ పానం." సైదమ్మ మిషన్ తీసుకుంది. రెండు చేతులతో పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. అవతల గదిలో మధు దేనికో నవ్వాడు, ఆ నవ్వు సగంలో దగ్గయింది. ఆమె కళ్ళు మూసుకుని ఊదింది. రెండు వచ్చింది.

ఫోన్‌ను స్టీలు డబ్బాకు ఆనించి పెట్టారు. సంపత్ కూలర్ ఆపబోతే అఖిల వద్దంది. ఆ చప్పుడులో తన ఊపిరి వినబడదని ఆమె ఆశ. ఆండాళు తెర మీదికి వచ్చింది. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంటుంది, తొందరపడదు.

"ఏంటి, ఇవాళ సభ పెద్దదే," అంది.

సంపత్ పరిచయం చేశాడు. నోట్లో టార్చి వేసి చూపించారు. చేతులు చూపించారు. మోచేతి పైన బిగుతు కొంచెం పెరిగిందని ఆండాళు రాసుకుంది. తర్వాత అంకె చూసింది.

"రెండు. పోయిన వారమూ రెండే. నిలకడగా ఉంది."

కృపారాణి మధు మోచేతిని పొడిచింది. మధు తల దించుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆండాళు మాత్రం తెరలోంచి అఖిలనే చూస్తోంది. "అఖిల గారూ, రాత్రి నిద్ర పడుతోందా?"

"పడుతున్నది మేడం. కొంచెం... దగ్గు వస్తది. కూలర్ గాలికి."

"కూలర్ ఒక్క నిమిషం ఆపండి ఎవరైనా." సంపత్ ఆపాడు. గది నిశ్శబ్దమైంది. "మీరు టీచరు కదా. ఏ క్లాసుకు?"

"నాలుగో తరగతి."

"అయితే ఎక్కాలు నోటికొచ్చే ఉంటాయి. గుండెనిండా గాలి తీసుకుని, పన్నెండో ఎక్కం చెప్పండి. ఒకటే ఊపిరిలో. మధ్యలో గాలి తీసుకోవద్దు."

అఖిల నవ్వడానికి ప్రయత్నించింది. చెప్పకపోతే తెలిసిపోతుంది. చెప్తే కూడా. గాలి తీసుకుంది.

"పన్నెండొకట్లు పన్నెండు. పన్నెండు రెళ్ళు ఇరవై నాలుగు. పన్నెండు మూళ్ళు... ముప్పై ఆరు. పన్నెండు నాలుగులు..."

పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"నలభై ఎనిమిది," అన్నాడు మధు మెల్లగా. చిన్నప్పుడు అతనికి ఎక్కాలు నేర్పింది ఆమే.

"ఎవరూ అందించొద్దండి," అంది ఆండాళు. అఖిలకు దగ్గు వచ్చింది, అది ఆగేదాకా ఆమె చూసింది. తర్వాత, గొంతు పెంచకుండానే అడిగింది. "ఈ ఊపిరికి రెండు రాదు. మిషన్ ఎవరు ఊదారు?"

సంపత్ భార్య వైపు చూశాడు. వంటింటి గడప మీద కూర్చున్న సైదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసింది.

"నేనూదిన తల్లీ."

"ఎన్నిసార్లు?"

"ఇయ్యాల్టితోని ఏడు వారాలు."

సంపత్ లేచాడు. "అమ్మా, నీకేమన్న పిచ్చి లేసిందా? దవాఖానోళ్ళు నంబర్ చూసి మందు ఇస్తరు. నీ నంబర్ చూసి ఆమెకు ఇస్తరా మందు?"

"అత్తమ్మనేమనకు," అంది అఖిల. "నేనే... ఊదమన్న."

"నాకెందుకు చెప్పలే? ఒక్క ఇంట్ల ఉంటున్నం కద."

"నీకు చెప్తే వాడికి తెలుస్తది."

"సంపత్ గారూ, కూర్చోండి," అంది ఆండాళు. "కొట్లాట తర్వాత. అఖిల గారూ, మిషన్ ప్యాకెట్‌లో నోటికి పెట్టుకునే కొత్త మూతి ఉంటుంది, అది పెట్టి ఇప్పుడు నా ముందు ఊదండి."

అఖిల ఊదింది. ఒకటి అయిదు.

ఆండాళు కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "ఊపిరితిత్తుల్లో సన్నటి గొట్టాలుంటాయి. వాటిమీద కూడా దాడి మొదలైనట్టుంది. స్కాన్ చూస్తే గానీ డాక్టరు గారు గట్టిగా చెప్పరు. నేను చెప్పేది ఒకటే. ఇందులో పోయిన ఊపిరి తిరిగి రాకపోవచ్చు. ఉన్నది పోకుండా ఆపడానికి మందులున్నాయి. అవి ఎంత ముందు మొదలుపెడితే అంత మిగులుతుంది. మీరు నాకు ఏడు వారాలు లేకుండా చేశారు."

"తల్లీ," అంది సైదమ్మ. "నా ఎంగిలి ఆమెకు తగలనియ్యలే. ఊదినప్పుడల్ల సబ్బుతోని కడిగిన."

"సబ్బుతో పోనివి కూడా ఉంటాయమ్మా. ఆమె ఒంట్లో తట్టుకునే శక్తి లేదు. ఇంకెప్పుడూ చేయొద్దు."

సైదమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. కోడలికి మేలు చేస్తున్నానో కీడు చేస్తున్నానో తెలియకనే ఏడు వారాలు ఆ మిషన్ పట్టుకుంది. ఇప్పుడు తెలిసింది.

మధు లేచి గుమ్మం దాకా వెళ్ళి ఒక చెప్పు తొడుక్కున్నాడు. మళ్ళీ వెనక్కి వచ్చి ఫోన్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మేడం, నా రక్తం వాపస్ తీయరాదా ఆమెల్నుంచి?"

"ఎందుకు తీయాలి?"

"నాదే కద ఆమెను తింటున్నది. తాగేటోని రక్తం."

"చూశారా," కృపారాణి గొంతు ఒక్కసారిగా లేచింది. "చూశారా వదినా, ఎక్కడికి తెచ్చారో. పస్తులుండి షెడ్డులో పడిపోయిన ఈయనకు అన్నం పెట్టాలని మీరు ఊపిరి దాచుకున్నారు. రేపు మీకేమైనా అయి, అప్పుడు ఈయనకు తెలిస్తే ఏం తిని బతుకుతాడు? నేను మొదట్లో కణాలు ఇయ్యొద్దన్నానని మీకందరికీ నా మీద కోపం. ఉండనియ్యండి. ఇచ్చింది మీరు బతకాలనే కదా. మీరు చచ్చిపోయేదానికైతే నా మొగుణ్ణి ఆ మంచం మీద ఎందుకు పడుకోబెట్టాను?"

ఆమె ఏడవలేదు. ఏడ్చింది అఖిల. కన్నీళ్ళు రావు ఆమెకు, కళ్ళు ఎర్రబడి మండుతాయంతే. తమ్ముణ్ణి కాపాడుతున్నాననుకుంది. అతని మెడకు ఏమి కడుతోందో ఇన్నాళ్ళూ ఆలోచించలేదు.

"మధు గారూ, ఇటు చూడండి," అంది ఆండాళు. "ఆ కణాలను తీయలేం, తీయకూడదు కూడా. క్యాన్సర్ మళ్ళీ తలెత్తకుండా కాపలా కాసేవి అవే. కాపలా కాస్తూ ఇంట్లోవాళ్ళని కూడా కొడుతున్నాయి, మనం వాటిని మందులతో అదుపులో పెడతాం. మీ అంత బాగా సరిపోలిన దాత కణాలతోనూ ఇలా అవుతుంది. పసిపిల్లలిచ్చినా అవుతుంది. మీరు తాగింది వాటికి తెలియదు, మీరు పస్తులుంటున్నదీ తెలియదు. ఒకటి మాత్రం నాకు తెలుసు. రేపు మళ్ళీ మీ నుంచి కణాలు కావాల్సి వస్తే, షెడ్డులో కళ్ళు తిరిగి పడిపోయే మనిషి దగ్గర మేం తీసుకోం."

ఆండాళు డాక్టరుతో మాట్లాడి పది నిమిషాల్లో చేస్తానని చెప్పి పెట్టేసింది. చెప్పినట్టే చేసింది. రేపు సూర్యాపేటలో స్కాన్, దాని కాగితాలతో ఎల్లుండి హైదరాబాద్. అడ్మిట్ చేసుకోవచ్చు, బట్టలు తెచ్చుకోండి అంది.

సంపత్ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి సెలవు అడిగాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ముందు ఊరికే నిలబడ్డ తల్లి చేతిలోంచి గరిటె తీసుకుని తానే కూర కలిపాడు.

ఒంటిగంటన్నరకు ఐదుగురూ చాప మీద కూర్చున్నారు. పెసరపప్పు, పాలు పోసి వండిన సొరకాయ, మెత్తటి అన్నం. మధు కంచంలో కృపారాణి అన్నం పెట్టింది. అతను దాన్ని వేళ్ళతో పక్కకు జరుపుతూ కూర్చున్నాడు.

"ఇయ్యాల, రేపు లీవ్ ఇచ్చిండు, ఎల్లుండికి ఒక పూటనే. మిగతాది మాట్లాడ్త," అన్నాడు సంపత్. "స్కానింగ్‌కు రేప్పొద్దుగాల ఏడింటికి పోదాం. ఆటో చెప్త."

"నువ్వు రావద్దు," అంది అఖిల.

సంపత్ చెయ్యి ఆగింది.

"కోపం తోని కాదు. రేపు సూర్యాపేటకు నాతోని మధు వస్తడు. ఎల్లుండి హైదరాబాద్‌కు... వాడే. అడ్మిట్ చేస్తే... నా దగ్గర వాడే ఉంటడు."

ఆమె ఆగింది. గాలి కోసం ఒక చెయ్యి నేలకు ఆనించింది. కృపారాణి ఏదో అందించబోయి, ఊరుకుంది. సైదమ్మ కళ్ళు దించుకుంది. ఎవరూ ముద్ద ఎత్తలేదు, ఎవరూ ఆమె మాట పూర్తిచేయలేదు.

"డాక్టర్ చెప్పేది... మొత్తం వాడు పక్కన కూర్చోని వినాలె. సగం విని బస్సెక్కొద్దు. మిషన్ ఇగనుంచి... నేనే ఊదుత. ఎంత వస్తే అంత... మొదలు వాడికే చెప్త. ఇంట్ల ఎవ్వలు... వాడికి దాయొద్దు. నేను కూడ."

"నేనేం చేస్తనక్కా గాడ?" అన్నాడు మధు. "నాకేం తెలుస్తది?"

"నన్ను మెట్లెక్కించాలె. మోయాల్సొస్తది కూడ. తినకుండ వస్తే... నిన్నెవరు మోయాలె?"

సైదమ్మ కొంగులో ముఖం దాచుకుంది. మధు పప్పు గిన్నె తనవైపు లాక్కున్నాడు.

"ఏడింటికే బస్సున్నదక్కా," అన్నాడు. "ఆటో వద్దు, కుదుపులుంటయి. మేము రాత్రికి ఇక్కడనే ఉంటం."